తోమిన లైటు

ఘాట్ రోడ్డు మలుపులో మా ఆయన కారు ముందు గొంతుక్కూర్చుని, టూత్‌పేస్టు రాసిన గుడ్డతో హెడ్‌లైటు తోముతున్నారు, చుట్టూ మంచు, ఆ మంచులోనే మా పెరటి కుళాయి కారుతోంది, నీళ్లు లోయలోకి పోతున్నాయి, అదేమీ నాకు వింతగా లేదు. ఆయన పోయారని తెలుసు. తెలిసినా ఒళ్లు మండుతోంది.

"లైట్లు మసకబారిపోయేయి, మార్పించండని చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏటి లాభం?"

"తోమితే సాలనుకున్నానే," అంటారు తలెత్తకుండా. "వారం రోజులు అద్దంలాగుంటాది. ఆనక మళ్లీ మసకే."

నిజమే, తోమినంతసేపూ తెల్లబడుతోంది, చెయ్యి తీయగానే పొర కమ్ముతోంది, గుడ్డ మాత్రం పచ్చగా అవుతోంది, ఆ పచ్చదనం చూస్తుండగానే రోడ్డంతా పసుపుకొమ్ములు, ఆ వేకువన సంతకు మూట మోసుకెళ్తున్న ముసలాయనవి, అతన్ని గుద్దాకే కారు కొండకు కొట్టుకుంది. కొమ్ముల మీదుగా నడుస్తున్నాను, ఎంత నడిచినా కారు అంత దూరంలోనే ఉంది.

"మనిషి కనబడలేదా మీకు?"

"దగ్గరికొచ్చేక కనబడ్డాడు. నాకేసే సూసేడు." గుడ్డ ఆగింది. "బతికేడా?"

అక్కడికక్కడే ప్రాణం పోయిన మనిషికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ముసలాయన మర్నాడు ఆసుపత్రిలో పోయాడు. చెప్పాలనే నోరు తెరుస్తాను. జాలేస్తోంది, చెబితే ఈయన ఇంకెక్కడికి పోతారోనని భయమేస్తోంది.

"సెప్పవేటే?" అని మళ్లీ తోముతున్నారు, ఆ రాపిడి నా చెవుల్లో పెరుగుతోంది.

మెలకువ వచ్చినా చప్పుడు ఆగలేదు. తెల్లారిపోయింది. వాకిట్లో మా మరిది పైడిరాజు, నిన్న షెడ్డు నుంచి తెచ్చిన కారు ముందు కూర్చుని ఉన్నాడు. పగిలిన వైపు కొత్త లైటు వేశారు. రెండోది పాతదే, దాన్ని తోముతున్నాడు.

"అద్దంలా వచ్చీసింది, సూడొదినా! రేపట్నించి కొండమీదకి ట్రిప్పులు మొదలెట్టీడమే."

మేకుకున్న తాళం తీసి కొంగున ముడేసుకున్నాను.

"అది కూడా కొత్తది వేయించీదాకా ఈ బండి కదల్దు."

"తోమీసేను కదొదినా," అంటూ చేతిలోని గుడ్డ చూపించాడు. పచ్చగా ఉంది.