నలభై అయిదు సెంటీమీటర్లు

ఇంటి కొలతలు ఇవ్వడానికి శుక్రవారం సాయంత్రం అయిదు దాకా గడువు ఉంది. మంగళవారం పొద్దున మేనకోడలు కుట్టు దుకాణం మూసి, టేపు మెడలో అలాగే ఉండగా, స్కూలు ఆటల హాలుకి వచ్చింది.

హాల్లో నలభై మంచాలున్నాయి. అడవిలోంచి మంట దిగి రెండు వీధులు కాలిపోయాక ఆ వీధుల వాళ్లని ఇక్కడ పెట్టారు. నాలుగో నెల నడుస్తోంది. పదిహేడో మంచం మామయ్యది, పద్దెనిమిది అత్తయ్యది. పిల్లలు లేరు. ఉన్నది ఈ మేనకోడలే.

మామయ్య ముప్పై ఏళ్లు బస్సు కండక్టరు. పదకొండేళ్ల కిందట రెండు కళ్లూ పోయాయి. ఇంట్లో మాత్రం ఆయన ఎవరి చెయ్యీ పట్టుకోలేదు, అడుగులు లెక్కపెట్టుకుని తిరిగేవాడు. గుమ్మం నుంచి వంటగదికి పదకొండు అడుగులు, మంచం నుంచి బాత్రూమ్‌కి తొమ్మిది. ఇక్కడ బాత్రూమ్ హాలుకి ఆ చివర ఉంది. దారిలో మంచాలు రోజుకో రకంగా జరుగుతాయి. ఆయన లేస్తే అత్తయ్య లేవాలి. అత్తయ్యకి తుంటి అరిగింది. లేవడానికి మంచం కమ్మీ పట్టుకుని మూడుసార్లు ఊగుతుంది.

నెలాఖరుకి హాలు ఖాళీ చెయ్యాలి. ఇల్లు కట్టుకోవడానికి అనుమతి వచ్చినవాళ్లకి ఇల్లు లేచేదాకా ఉండడానికి వాళ్ల స్థలంలోనే రేకుల గది వేసి ఇస్తారు. రానివాళ్లలో పెద్దవాళ్లని వృద్ధాశ్రమాలకి పంపుతారు. మగవాళ్లది ఒక ఊళ్లో, ఆడవాళ్లది ఇంకో ఊళ్లో. మధ్య రెండు గంటల బస్సు. మామయ్యకి ఆ రూటు తెలుసు. "మధ్యలో ఒక్కచోటే ఆగుతుంది," అన్నాడు.

అనుమతి రావడం కష్టం. అడవి అంచు నుంచి ముప్పై మీటర్ల లోపల ఇల్లు కట్టకూడదని కొత్త నియమం. వాళ్ల స్థలం లోతే ఇరవై నాలుగు మీటర్లు. ఒక్కటే సందు ఉంది. కాలిపోయిన ఇల్లు ఎంత ఉండేదో అంతే, అదే చోట కట్టుకునేవాళ్లకి మినహాయింపు. ఆ ఇల్లు ఎంత ఉండేదో గదుల వారీగా రాసి, ప్రమాణం చేసి, ఇద్దరు పొరుగువాళ్లతో సంతకం పెట్టించి ఇవ్వాలి. కాగితాలు ఇంటితోపాటే పోయాయి. ఆఫీసు రిజిస్టర్లో స్థలం ఉంది గానీ ఇల్లు లేదు. పైనుంచి తీసిన ఫోటోలో చెట్ల కొమ్మలు తప్ప ఏమీ కనపడవు. బూడిద ఎత్తడానికి వచ్చిన యంత్రం పునాది రాళ్లు కూడా ఎత్తుకుపోయింది.

"పడకగది ఎంత ఉండేది అత్తయ్యా?"

"సరిపోయేంత."

"ఎన్ని మీటర్లు?"

"నలభై మూడేళ్లు కాపురం చేశాను తల్లీ. కొలతలు తియ్యలేదు."

"దాన్నేం అడుగుతావే," అన్నాడు మామయ్య. "మీ అత్తయ్యకి ఊరు తెలుసు, స్టాపులు తెలియవు. నన్నడుగు."

ఆయన మంచం అంచున కూచుని చెప్పాడు. మేనకోడలు బిల్లు పుస్తకం వెనక రాసుకుంది. పడకగది ఈ గోడ నుంచి ఆ గోడకి అయిదు అడుగులు, పొడుగు ఆరు. హాలు ఎనిమిది, ఏడు. వంటగది అయిదు, నాలుగు. ఎక్కడా తడుముకోలేదు. నడవా దగ్గర మాత్రం ఆగి రెండు చేతులూ కాస్త చాపాడు.

"నడవాకి అడుగులు లేవు. ఇదిగో, ఇంత. రెండు చేతుల వేళ్లూ రెండు గోడలకి తగులుతుండేవి."

మేనకోడలు ఆ వేళ్ల నుంచి ఈ వేళ్లకి టేపు పట్టింది. నూట నలభై సెంటీమీటర్లు.

తర్వాత ఆయన్ని హాలు బయటి వరండాలోకి తీసుకెళ్లి, మడమ దగ్గర సుద్దతో గీత గీసి, పది అడుగులు వెయ్యమంది. నాలుగున్నర మీటర్లు. మళ్లీ వెయ్యమంది. నాలుగున్నర. మూడోసారీ అంతే.

"చూశావా," అన్నాడు మామయ్య. "కదిలే బస్సులో తిరిగిన కాళ్లు. తేడా రాదు."

అడుగుకి నలభై అయిదు సెంటీమీటర్లు. ఆమె గుణించి, బ్లౌజు ముక్కలు గీసుకునే గోధుమరంగు కాగితం మీద ఇల్లు గీసింది. అత్తయ్య అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. "కాగితం మీద అన్నీ చిన్నవిగానే కనపడతాయి కదా," అంది. అయిదో మంచం ఆయన, ముప్పై ఒకటో మంచం ఆవిడ పొరుగువాళ్లుగా సంతకాలు పెట్టారు. శుక్రవారం నాలుగూ నలభైకి గుమాస్తా ముద్ర కొట్టాడు. సోమవారం అనుమతి కాగితం వచ్చింది. మామయ్య దాన్ని తడిమి, "టికెట్ దొరికింది," అన్నాడు. ఆ రోజు పక్క మంచాల వాళ్లకి టీ ఆయనే ఇప్పించాడు.

బుధవారం మేస్త్రి స్థలంలో మేకులు కొట్టి, తాడు కట్టి, సున్నం పొడి పోశాడు. మామయ్య గేటు స్తంభం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూచున్నాడు. స్థలం మొత్తం మీద మిగిలినవి ఆ స్తంభం, వెనక కొళాయి పైపు. మేస్త్రి పని ఆపి కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"టైలరమ్మా, ఇది ఇల్లా, జేబా?"

"ఏమైంది?"

"నడవా చూడండి, మారాజులా ఉంది. గదులు చూడండి. ఇలాంటి లెక్క నేనెక్కడా చూడలేదు. నడవాకి ఇంత చోటు వదిలినవాడు పడకగదిని ఇలా నొక్కుతాడా? మీది లంగాకి కొలతిచ్చి చొక్కా కుట్టినట్టుంది."

అత్తయ్య కర్ర పొడుచుకుంటూ పడకగది తాళ్ల మధ్యకి వెళ్లి నిలబడింది. మేస్త్రిని నాలుగు చెక్క పలకలు అడిగి, మంచానికి రెండేసి చొప్పున మంచాల వెడల్పున వేయించింది. రెండు మంచాలకి మీటరూ ఎనభై. గది రెండూ పాతిక. ఆమె పలకలకీ తాడుకీ మధ్య నిలబడబోయింది. కర్ర పట్టలేదు.

"ఇక్కడ నేను నిలబడి దుప్పట్లు మడిచేదాన్ని," అంది. "బీరువా తలుపు పూర్తిగా తెరిచేదాన్ని. తెరిచినా వెనక నేను పట్టేదాన్ని."

మేనకోడలు మెడలోని టేపు చేతిలోకి తీసుకుంది. జ్వరం పడి లేచినవాళ్లు కొలతకి వస్తే ఆమె వెనక్కి పంపేస్తుంది. నెలాగి రండి, ఒళ్లు మళ్లీ పట్టాక కొలుస్తాను, ఇప్పుడు కుడితే అప్పుడు పట్టదు అంటుంది. పాతికేళ్లుగా అందరికీ అదే మాట.

ఆమె కుర్చీ దగ్గరికి వెళ్లింది.

"మామయ్యా, ఈ స్తంభం నుంచి కొళాయికి ఎన్ని అడుగులు?"

"ముప్పై."

"ఎప్పుడు లెక్కపెట్టావు?"

"పదకొండేళ్లుగా రోజూ రెండుసార్లు. మొక్కలకి నీళ్లు ఎవరు పోశారనుకున్నావు, మీ అత్తయ్యా?"

ఆమె టేపు పరిచింది. బట్టల టేపు, మీటరున్నర. మట్టిలో గీతలు గీసుకుంటూ పన్నెండుసార్లు జరిపింది. పదిహేడు మీటర్ల పది సెంటీమీటర్లు. ముప్పైతో భాగిస్తే అడుగుకి యాభై ఏడు.

"ఒకసారి నడిచి చూపించు మామయ్యా."

ఆయన లేచి స్తంభానికి వీపు ఆనించి బయల్దేరాడు. పైకే లెక్కపెట్టాడు. చేతులు ముందుకి చాచాడు. కాలు ఎత్తడం లేదు, జరుపుతున్నాడు. ముప్పై అని ఆగి చెయ్యి చాపాడు. కొళాయి అందలేదు. ఇంకో అడుగు వేసి ముప్పై ఒకటి అన్నాడు. ముప్పై ఎనిమిదికి పైపు చేతికి తగిలింది.

"పైపు జరిపారా?"

"లేదు మామయ్యా."

వెనక్కి నడిచాడు. ముప్పై ఎనిమిది. స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వు నన్ను కొలిచింది ఎక్కడ?"

"స్కూలు వరండాలో."

"అక్కడ ఏది ఎక్కడుందో నాకేం తెలుసు," అన్నాడు. "మంటలో మీ అత్తయ్య నన్ను రోడ్డుకి ఈడ్చుకెళ్లింది. అప్పట్నుంచీ కాలు ముందుకి పోవట్లేదు. నేను గమనించలేదు."

"నేను గమనించాల్సింది," అంది మేనకోడలు. "నా పనే అది."

మేస్త్రి తాపీ పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు. "రెండు తాళ్లు అరమీటరు బయటికి జరిపేస్తాను. ఎవడొచ్చి కొలుస్తాడు?"

ఎవరొచ్చి కొలుస్తారో ఆఫీసులో గుమాస్తా చెప్పాడు. పునాది లేచాక ఇన్‌స్పెక్టరు వస్తాడు. నాలుగు మూలలూ కొలుస్తాడు. కాగితం మీద ఉన్నదానికన్నా చెయ్యి వెడల్పు ఎక్కువ వచ్చినా కూల్చేస్తారు. పక్క వీధిలో ఒకటి కూల్చారు కూడా.

"అయితే కొలతలు సరిచేసి ఇస్తాం," అంది మేనకోడలు. "లెక్క తప్పింది. నేనే తప్పు చేశాను, అదే రాసి ఇస్తాను. కావాలంటే ఆయన్ని తీసుకొస్తాను, మీ ముందు నడుస్తాడు."

"ఎలా నడుస్తాడమ్మా? ఇప్పటి నడకా, అప్పటి నడకా?"

ఆమె కొళాయి, స్తంభం లెక్క చెప్పింది. గుమాస్తా విన్నాడు. కాగితం మీద భాగించి చూసుకున్నాడు కూడా.

"మీ లెక్క కరెక్టే," అన్నాడు. "కానీ సరిచెయ్యాలంటే పాత దరఖాస్తు వెనక్కి తీసుకోవాలి. కొత్తది పెట్టడానికి గడువు శుక్రవారమే అయిపోయింది. వెనక్కి తీసుకుంటే మీకు మినహాయింపు ఉండదు. ముప్పై మీటర్ల నియమం వస్తుంది. మీ స్థలంలో కుక్కకి గూడు కూడా కట్టలేరు."

"పెద్దవాళ్లండీ. ఇద్దరూ."

"ఈ బల్ల మీద ఉన్నవన్నీ పెద్దవాళ్లవేనమ్మా. ఇచ్చింది కట్టుకోండి. నా మాట విని ఇచ్చింది కట్టుకోండి."

హాలుకి తిరిగి వచ్చేసరికి భోజనాలు అయిపోతున్నాయి. ఆమె ఇద్దరి మంచాల మధ్య స్టూలు వేసుకుని కూచుని గుమాస్తా అన్నదంతా చెప్పింది.

"వద్దని చెప్పెయ్," అన్నాడు మామయ్య. "ఆ గదిలో అది తిరగలేదు. కర్ర పట్టదట కదా."

"నేను హాల్లో పడుకుంటాను," అంది అత్తయ్య.

"ఆ హాలు మాత్రం? అదీ నా కాళ్లతో కొలిచిందే."

"మంచం పట్టదా ఏంటి?"

"మంచం పడుతుంది. నీ కర్ర, నువ్వు, నీ బీరువా? వంటగదిలో పొయ్యి ముందు వంగితే వెనక గోడ తగులుతుంది."

"తగిలితే తగలనీ. మీకు లెక్క కుదురుతుందా లేదా? మంచం నుంచి బాత్రూమ్‌కి తొమ్మిది అవునా కాదా? ఇప్పటి కాళ్లతో తొమ్మిదే కదా?"

"తొమ్మిదే."

"నాకు రాత్రి నిద్ర కావాలండీ. నాలుగు నెలలైంది. అంతే నాకు కావాల్సింది."

ఆయన పళ్లెం ఎక్కడుందో తడిమి పక్కకి జరిపాడు.

"ఇంకో ఏడాదికి ఈ అడుగు ఇంకా తగ్గుతుంది," అన్నాడు. "ముప్పై ఎనిమిది నలభై అయిదవుతుంది. అప్పుడు ఆ ఇల్లు నాకూ సరిపోదు, నీకూ సరిపోదు. మళ్లీ చెయ్యి పట్టుకోవాలి నువ్వే. నిలబడే చోటు కూడా లేని ఇంట్లో."

"అప్పటి మాట అప్పుడు."

"అప్పుడు ఈ అమ్మాయి మళ్లీ టేపు తెస్తుందా?"

మేనకోడలు తల వంచుకుంది. అత్తయ్య ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, మొగుడి వైపు చూసి, "దాన్ని అనకండి," అంది. "అనాలనుంటే నన్ను అనండి. ఆ బస్సులో రెండు గంటలు కూచుని మిమ్మల్ని చూడ్డానికి రావడం నా వల్ల కాదు. ఒక్కసారి వస్తానేమో. రెండోసారి రాలేను. మీరు ఎక్కినా నా దగ్గరికి ఎవరు దింపుతారు?"

మామయ్య చేత్తో తడిమి ఆమె మంచం కమ్మీ పట్టుకున్నాడు.

"కట్టమని చెప్పు తల్లీ," అంది అత్తయ్య.

శనివారం కాంక్రీటు లారీ వచ్చింది. మేస్త్రి పొద్దున్నే కందకాలు తవ్వించి ఉంచాడు. అత్తయ్య హాల్లోనే ఉండిపోయింది, తుంటి లేవనివ్వలేదు. మామయ్య మాత్రం వస్తానని పట్టుబట్టాడు. స్తంభం పక్కన కుర్చీ వద్దని నిలబడ్డాడు. డ్రమ్ము తిరుగుతోంది. గొట్టంలోంచి కాంక్రీటు జారి కందకంలో పడుతోంది. పనివాళ్లు పారలతో సర్దుతున్నారు.

"ఏ గోడ పోస్తున్నారు?" అని అడిగాడు.

"పడకగదిది."

"ఎవరి వైపు?"

మేనకోడలు చూసింది. "అత్తయ్య వైపు."

ఆయన స్తంభం వదిలేసి చప్పుడు వైపు బయల్దేరాడు. లెక్కపెట్టలేదు. అడుగులు పెద్దవి వెయ్యబోయాడు. రెండో దానికే కాలు తవ్విన మట్టిలో దిగబడింది. మేనకోడలు పరుగెత్తి చంక కింద చెయ్యి వేసి పట్టుకుంది.

"ఆపమను," అన్నాడు. "ఆ ఒక్క వైపు ఆపమను. అరమీటరు జరిపి పొయ్యమను. కూలిస్తే కూల్చనీ."

"మామయ్యా."

"నువ్వు చెప్పవా? నేను చెప్తాను." గొంతు పెంచి మేస్త్రిని పిలిచాడు. లారీ చప్పుడులో మేస్త్రికి వినపడలేదు. ఒక పనివాడు తల తిప్పి చూసి మళ్లీ పార పట్టాడు.

"ఆగదు మామయ్యా," అంది ఆమె. "కలిపేశారు. ఆపితే డ్రమ్ములోనే గట్టిపడిపోతుంది."

ఆయన మట్టిలోంచి కాలు తీసుకోలేదు. చెయ్యి ఆమె భుజం మీద వేసి అలాగే నిలబడ్డాడు. కందకం ఆ చివర దాకా నిండింది. మేస్త్రి పలక పెట్టి పైభాగం చదును చేస్తూ వచ్చాడు.