గాలికి వేసిన నంబరు

సుడిగాలి వచ్చిపోయిన మర్నాడు పొద్దున్నే కొలతలాయన కాఫీ తాగి, టేపూ అట్టా పెన్సిలూ సంచిలో వేసుకుని బయల్దేరతాడు. గాలి వేగాన్ని ఎవడు పట్టుకుని కొలిచాడు గనక! అది పాడుచేసిన ఇళ్లు చూసి సున్నా నుంచి ఐదు దాకా ఒక నంబరు వేయడమే ఆయన ఉద్యోగం. కప్పు రేకులు లేస్తే ఒకటి, కప్పంతా ఎగిరిపోతే రెండు, గోడలు కూలితే మూడు. గట్టిగా కట్టిన ఇల్లు ఊడ్చేసినట్టు పోయి పునాది ఒక్కటే మిగిలితే ఐదు.

నంబరు చెప్పేదాకా గాలి ఎక్కడికీ పోదు. మోకాలెత్తు సుడిగా ముడుచుకుని వీధి చివర నిలబడి ఉంటుంది. పాలవాడు సైకిలు కాస్త పక్కకి తిప్పుకుని పోతాడు, అంతే. నంబరు వినగానే ఎత్తుకొచ్చిందంతా అక్కడే వదిలేసి ఆరిపోతుంది. ఎక్కువ మాత్రం చెప్పకూడదు. చెబితే ఆ నంబరు నిలబెట్టుకునేదాకా ఊరుకోదని, ఉద్యోగంలో చేరిన రోజే పెద్దాఫీసరు హెచ్చరించాడు.

ఈసారి పోయింది కొలతలాయన అక్క ఇల్లు. ఇంటితో పాటే అక్కా పోయింది.

బావ వడ్రంగి. ఊళ్లో సగం చెక్క ఇళ్లు, కొలతలాయన ఇంటితో సహా, ఆయన కట్టినవే. ఇప్పుడు ఉత్త సిమెంటు పునాది మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కింటికి కప్పు మాత్రమే పోయింది. దాని అరుగు మీద పూలకుండీలు కూడా కదల్లేదు. కొలతలాయన వంగి పునాది అంచు తడిమాడు. గోడని పునాదికి బిగించే బోల్టు ఒక్కటీ లేదు. అన్నీ వంగిపోయిన మేకులే.

"బోల్టులేవి బావా?"

"ఆ ఏడాది దొరకలేదురా. మేకులు చాలవా ఏంటి అనుకున్నాను. ఎంత వేస్తావు?"

మేకులతో నిలబెట్టిన ఇల్లు చిన్న గాలికే పోతుంది, లెక్క తగ్గించాల్సిందే. "రెండు," అన్నాడు కొలతలాయన, తలెత్తకుండా.

"రెండంటే మీ అక్కని గాలి కాదు, నేను చంపినట్టురా! ఐదు వెయ్యి. నీ కాళ్లు పట్టుకుంటాను."

అంత పెద్దవాడు నిజంగానే వంగాడు. కొలతలాయనకి ఏడుపు తన్నుకొచ్చింది. ఛీ, పాడు ఉద్యోగం! పోయిన అక్క ఎలాగూ తిరిగి రాదు, ఉన్నవాణ్ణి ఎందుకు చంపుకోవడం? గాలి కూడా బీడు వైపే నిలబడి ఉంది. పోతే అటే పోతుందిలే అనుకున్నాడు.

దాని దగ్గరికి వెళ్లి, "ఐదు," అన్నాడు.

గాలి ఆరిపోలేదు. అందులో తిరుగుతున్న అక్క చెప్పులు కిందపడలేదు. ఆ మాట నమ్మలేనట్టు ఒక్క క్షణం ఆగి, నడుమెత్తయింది, మనిషెత్తయింది. బీడు వైపు పోకుండా ఊళ్లోకి తిరిగింది.

బావ పరిగెత్తుకొచ్చాడు. "ఒరేయ్, మీ ఇంటికీ మేకులేరా. రెండూ ఒకే నెలలో కట్టాను."

అంతలో ఫోను మోగింది. భార్య.

"ఏమండీ, గాలి వచ్చి మన గేటు దగ్గర నిలబడింది. అందులో వదిన చెప్పులు కనిపిస్తున్నాయి. దానికి ఇంకా నంబరు చెప్పలేదా?"

"చెప్పాను. పాపని ఎత్తుకుని పక్కింటికి పరిగెత్తు!"

"ఏంటీ? వినపడ్డం లేదండీ, ఒకటే హోరు."

ఆయన మళ్లీ అరిచాడు. గొంతు చించుకుని అరిచాడు. అవతల హోరు తప్ప ఏమీ లేదు.