అడిగే అక్షరం

నల్ల తెర మీద తెల్లటి గుర్తు మినుకుమినుకుమంటోంది. కాపీ చెయ్యమనడానికి అతను చూపుడువేలితో సి కొట్టాడు, పి కొట్టాడు. ఒక ఖాళీ వదిలి చిన్న గీత పెట్టాడు. గీత పక్కనే ఐ, పి, ఆర్. ఆ తర్వాత ఎక్కణ్ణుంచి కాపీ చెయ్యాలో, ఎక్కడికి చెయ్యాలో. ఎంటర్ మీద వేలు పెట్టబోయి ఆగి, చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, కొట్టినదంతా పెదవులు కదుపుతూ మళ్ళీ చదువుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా అదే అలవాటు. నిన్నటి నుంచి మాత్రం ఒకసారి చదివేది మూడుసార్లు చదువుతున్నాడు.

అతని గది ఆస్పత్రి కింది అంతస్తులో, నీళ్ళ మోటారు గదిని ఆనుకుని ఉంటుంది. కిటికీ ఉంది కానీ అది బయటి నేలకు సమంగా ఉండడం వల్ల అందులోంచి మనుషుల కాళ్ళు తప్ప మొహాలు కనిపించవు. మోటారు తిరిగినప్పుడల్లా బల్ల మీది పెన్నులు సన్నగా వణుకుతాయి. అతనికి యాభై రెండేళ్ళు. పొట్టి మనిషి, ఎడమ భుజం కాస్త జారి ఉంటుంది. చొక్కా జేబులో మడతపెట్టిన మెత్తటి గుడ్డ ఒకటి ఉంటుంది. దాంతో ముందు కళ్ళద్దాలు, తర్వాత తెర, ఆఖరున కీబోర్డు తుడుస్తాడు. ఆస్పత్రిలో అందరూ కాపీ సార్ అంటారు. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు.

అది గొంతు జబ్బుల ఆస్పత్రి. స్వరపేటిక తీసేయక తప్పని రోగుల చేత, ఆపరేషన్‌కి ముందే రికార్డింగు మేడమ్ నూట ఇరవై వాక్యాలు చదివిస్తుంది. మంచినీళ్ళు కావాలి. నొప్పిగా ఉంది. డాక్టరుగారిని పిలవండి. నూట పదో వాక్యం దాకా అచ్చు కాగితంలో ఉన్నవే. చివరి పది మాత్రం ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకోవచ్చు. ఒక్కో వాక్యం ఒక్కో ఫైలు. ఒకటి నుంచి నూట ఇరవై వరకు నంబర్లు. అన్నీ కలిపి మంచం నంబరు పేరుతో ఒక ఫోల్డర్. సాయంత్రానికి రికార్డరు కిందికి వస్తుంది. అతను ఆ ఫోల్డర్‌ని పెద్ద కంప్యూటర్లోకి కాపీ చేసి, రికార్డరు ఖాళీ చేసి పైకి పంపిస్తాడు. ఆపరేషన్ పుండు మానాక ఆ మాటల్ని అరచేతిలో పట్టే పలకలోకి ఎక్కిస్తారు. మీట నొక్కితే రోగి తన గొంతుతోనే మంచినీళ్ళు అడుగుతాడు.

ఒకసారి వాళ్ళక్క అడిగింది, పొద్దస్తమానం ఆ గీత పక్కన ఏం రాస్తావురా అని. అతను ఓపిగ్గా చెప్పాడు. ఐ పెడితే, అదే పేరుతో పాత ఫైలు ముందే ఉంటే, దాన్ని చెరిపి కొత్తది రాయనా అని కంప్యూటరు అడుగుతుంది. పి పెడితే ఫైలు పుట్టిన తేదీ మారకుండా ఉంచుతుంది. ఆర్ పెడితే ఫోల్డర్ లోపల ఉన్నవన్నీ వెంటబెట్టుకొస్తుంది.

అక్క పకపకా నవ్వింది. "అయితే ఐ మా అత్తగారు. నన్నడిగావా, నన్నడిగావా అని ప్రాణం తీసేది. పి మన పెద్దమ్మ. ఎవరెప్పుడు పుట్టారో గంట నిమిషాలతో సహా చెప్పేది. ఆర్ వచ్చి మన బాబాయి. భోజనానికి పిలిస్తే ఇంటిల్లిపాదినీ తోలుకొచ్చేవాడు."

కుట్టుమిషన్ల హోరులో ముప్పై ఐదేళ్ళు పనిచేసిన గొంతు ఆవిడది. రెండు గదుల ఇంట్లో మాట్లాడినా, ఫ్యాక్టరీలో ఆ చివర ఉన్నవాళ్ళకి చెబుతున్నట్టే ఉండేది. అమ్మ పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది తనే. పెళ్ళయి నాలుగేళ్ళకే భర్త పోతే తిరిగొచ్చి మళ్ళీ తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. ఆ తర్వాత అతను పెళ్ళి మాట ఎత్తలేదు, ఆవిడా ఎత్తనివ్వలేదు. అతను ప్రతి పనీ నింపాదిగా చేస్తాడని నత్తా అని పిలిచేది. వీధి మొదట్లోంచి "ఒరేయ్ నత్తా, పాలు పొంగుతున్నాయేమో చూడు" అని కేకేస్తే ఇరుగుపొరుగంతా తమ తమ పొయ్యిల దగ్గరికి పరుగెత్తేవాళ్ళు.

పన్నెండు రోజుల కిందట ఆవిడకి ఆపరేషన్ అయింది. అంతకుముందు రోజు ఆవిడ పద్నాలుగో మంచం మీద ఉంది. నూట ఇరవై వాక్యాలూ చదివింది. సాయంత్రం వాటిని అతనే అన్ని అక్షరాలూ పెట్టి కాపీ చేశాడు. మర్నాడు పొద్దున్నే ఆవిణ్ణి ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. ఖాళీ అయిన పద్నాలుగో మంచం ఒక లారీ డ్రైవరుకి ఇచ్చారు. అతని వాక్యాల ఫోల్డర్ పేరు కూడా పద్నాలుగే. మంచం చేతులు మారినప్పుడు పాత ఫోల్డర్‌ని వేరే చోటికి తరలించాలి. ఆ పని కాపీ సార్‌దే. ఎప్పుడైనా మరిచిపోతే, ఐ అక్షరం ఉంది కాబట్టి కంప్యూటరే ఆపి అడుగుతుంది.

ఆ సాయంత్రం ఆపరేషన్ ఇంకా అవుతూనే ఉంది. నాలుగు గంటల్లో అయిపోతుందన్నది ఎనిమిది గంటలయినా కాలేదు. అతను నిలబడే కీబోర్డు మీదికి వంగాడు. గీత, పి, ఆర్. ఎంటర్. పాత ఫోల్డర్‌ని తరలించలేదు, కొట్టింది తిరిగి చదువుకోలేదు. కంప్యూటరు ఏమీ అడగలేదు. రికార్డరు ఖాళీ చేసి మెట్లెక్కి పరుగెత్తాడు. రాత్రికి మామూలుగా, ముందురోజు దాన్ని చెరిపి, అన్నిటికీ మారు ప్రతి తయారైంది. అందులోకీ ఆ తప్పే వెళ్ళింది.

ఆ సంగతి నిన్నటిదాకా తెలియలేదు. నిన్న రికార్డింగు మేడమ్ సెలవులో ఉంటే, డ్రైవరు పలక అతనే సిద్ధం చేశాడు. డ్రైవరు తొంభై వాక్యాలు చదివి ఇక నావల్ల కాదన్నాడని మేడమ్ చీటీలో రాసి ఉంది. ఫోల్డర్లో మాత్రం నూట ఇరవై ఉన్నాయి. ముందు తొంభై ఒక తేదీవి, చివరి ముప్పై అంతకు ఒకరోజు ముందువి. అతను తొంభై ఒకటి నొక్కాడు.

"ఫ్యాను కాస్త తగ్గించండి," అంది అక్క గొంతు.

అతను చేతులతో చెవులు మూసుకున్నాడు. మోటారు ఆగేదాకా అలాగే కూర్చున్నాడు.

ఈ రోజు పదిన్నరకి రికార్డింగు మేడమ్ తలుపు దగ్గర నిలబడి, "సార్, ఇవాళ మీ అక్కగారి పలక ఇవ్వాలి కదా. మూడున్నరకల్లా అవుతుందా? ఎల్లుండి ఇంటికి పంపించేస్తారట," అంది.

"అవుతుందండి," అన్నాడు. జేబులోంచి గుడ్డ తీసి, తుడిచిన తెరనే మళ్ళీ తుడిచాడు.

ఒంటిగంటకి అన్నం డబ్బా పట్టుకుని మూడో అంతస్తుకి వెళ్ళాడు. అక్క ఇప్పుడు ఇరవై రెండో మంచం మీద ఉంది. మెడ కింద చిన్న గొట్టం, దాని మీద తడి గుడ్డ. ఊపిరి తీసినప్పుడల్లా గుడ్డ కాస్త లోపలికి పోయి బయటికొస్తోంది. ఒళ్ళో నోటుబుక్కు. రాసుకోవడమంటే ఆవిడకి చిరాకు. అక్షరాలు కూడా గొంతులాగే పెద్దవి, ఒక్క వాక్యానికే పేజీ నిండిపోతుంది.

ఎదురు వరసలోంచి గట్టిగా ఒక మగగొంతు, "టీ కావాలి," అంది. లారీ డ్రైవరు కొత్త పలక చేతిలో పట్టుకుని, తన గొంతు తనే విని మురిసిపోతున్నాడు. మళ్ళీ నొక్కాడు. "టీ కావాలి. టీ కావాలి." వార్డంతా నవ్వింది. అక్క భుజాలు కూడా కదిలాయి.

నోటుబుక్కులో రాసింది: నాది ఎప్పుడు?

అతను డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

"అక్కా, తప్పు చేశాను."

ఆవిడ చూసింది.

"నువ్వు లోపలున్న రోజు... ఆ ఐ పెట్టలేదు. అతని మాటలు నీ మాటల మీద పడిపోయాయి. తొంభై పోయాయి. నేనే చేశాను. నిన్ననే తెలిసింది. పొద్దుటి నుంచి చెబుదామనుకుంటున్నాను, నోరు రావట్లేదు."

తడి గుడ్డ లోపలికి పోయింది, బయటికొచ్చింది. ఆవిడ తల తిప్పి కిటికీ వైపు చాలాసేపు చూసింది. కంటి చివర నీళ్ళు చేరి, జారకుండా అక్కడే నిలిచాయి. కాగితం మీదయినా తిడితే బాగుండుననిపించింది అతనికి.

తర్వాత పెన్ను తీసుకుంది. ఎవరివి పడ్డాయి?

అతను కళ్ళతోనే ఎదురు వరస చూపించాడు.

"టీ కావాలి," అంది పలక.

ఆవిడ డ్రైవరుని ఎగాదిగా చూసి రాసింది: ఆ గొంతుతో నేను అడిగితే టీ కాదు, డీజిల్ తెస్తారు.

అతనికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చి దగ్గు పట్టుకుంది. అక్క అతని వీపు మీద రెండు దెబ్బలు వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉంచి, రెండో చేత్తో వంకరటింకరగా రాసింది: ఎన్ని మిగిలాయి?

"ముప్పై."

చాలు. ఇంటికెళ్ళాక నువ్వు తప్ప వినేదెవరు.

పేజీ తిప్పి మరో మాట రాసింది: ముందు తిను.

అతను తిన్నాడు. ఆవిడ తన ముక్కులో వేసిన సన్న గొట్టంలోంచి వెళ్ళే పాల చుక్కల్ని చూస్తూ కూర్చుంది. రెండు గంటలకి ఆవిడకి కళ్ళు మూతలు పడుతుంటే, వెళ్ళమన్నట్టు చెయ్యి విదిలించింది. అతను దుప్పటి మోకాళ్ళ దాకా లాగి కిందికి దిగాడు.

ఖాళీ పలకని తీగతో కంప్యూటరుకి తగిలించి, అన్ని అక్షరాలూ పెట్టి, తొంభై ఒకటి నుంచి నూట ఇరవై దాకా కాపీ చేశాడు. కంప్యూటరు ఏమీ అడగలేదు. అడగడానికి అక్కడ పాతవేమీ లేవు. రెండు క్షణాల్లో అయిపోయింది. తర్వాత తలుపు దగ్గరికి వేసి, ఒక్కొక్కటే విన్నాడు. చలిగా ఉంది. దుప్పటి ఇవ్వండి. తర్వాత రండి. నూట పది దాకా అక్క బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు చదివింది. అక్కణ్ణుంచి తన మాటలు. ఆ కిటికీ రెక్క కొట్టుకుంటోంది, ఎవరైనా చూడండమ్మా. నాకేం అక్కర్లేదు, నువ్వు కూర్చో. మెల్లిగా రా, తొందరేం లేదు. ఒకచోట ఉత్త నవ్వు. నూట ఇరవైలో కుర్చీ కిర్రుమన్న చప్పుడు, తర్వాత రికార్డింగు మేడమ్‌ని అడగడం: "అయిపోయిందా తల్లీ? ఇక లేవొచ్చా?"

అది వాక్యం కాదు. మేడమ్ మరిచిపోయి ఆపకుండా వదిలేసినట్టుంది. అతను దాన్ని తీసెయ్యలేదు.

మూడున్నరకి పలకని గుడ్డతో తుడిచి పట్టుకెళ్ళాడు. ఇరవై రెండో మంచం చుట్టూ పచ్చ తెర లాగి ఉంది. తడి గుడ్డ మారుస్తున్నారేమోనని బయటే నిలబడ్డాడు. నర్సు తెర పక్కకి తీసుకుని వచ్చి, అతన్ని చూసి ఆగిపోయింది.

"మీకే ఫోన్ చేయబోతున్నానండి."

అతనికి అర్థం కాలేదు. పలక చూపించాడు. "ఇది ఇద్దామని..."

"మూడింటికి మందు వేద్దామని లేపానండి. లేవలేదు. డాక్టరుగారు చాలాసేపు ప్రయత్నం చేశారు. కాల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ఉంటుందట. నిద్రలోనే పోయారు. బాధ తెలిసి ఉండదండి."

లోపలికి వెళ్ళాడు. అక్క అతను వదిలి వెళ్ళినట్టే పడుకుని ఉంది. దుప్పటి మోకాళ్ళ దాకానే ఉంది. మెడ మీది గుడ్డ కదలడం లేదు. అతను దాన్నే చూస్తూ ఉన్నాడు, ఇప్పుడు లోపలికి పోతుంది, ఇప్పుడు పోతుంది అని. మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. సూది పోట్లతో బరకబారిన చూపుడువేలు కొన ఇంకా వెచ్చగానే ఉంది.

కాసేపటికి పక్కన ఎవరో నిలబడ్డారు. లారీ డ్రైవరు. తన పలక పైకెత్తి మీటల మీద వేలు అటూ ఇటూ నడిపాడు. ఈ చివర నుంచి ఆ చివరికి, మళ్ళీ మొదటికి. ఆ తొంభై మాటల్లో ఈ వేళకి పనికొచ్చేది ఒక్కటీ లేదు. పలక జేబులో పడేసి, బరువైన చెయ్యి కాపీ సార్ భుజం మీద వేశాడు. తన గొంతు ఎవరి మాటల మీద పడిందో డ్రైవరుకి ఎప్పటికీ తెలియదు. చెప్పాల్సిన ఒక్క మనిషికి చెప్పడమైతే అయింది. ఆ మాట తట్టగానే, అంతసేపూ బిగబట్టుకున్న కాపీ సార్ వెక్కివెక్కి ఏడ్చాడు.

అయిదింటికి ఆవిణ్ణి కిందికి తీసుకెళ్ళారు. నర్సు ఒక సంచి ఇచ్చి, అన్నీ ఉన్నాయో లేదో చూసుకోమంది. కళ్ళద్దాలు, తువ్వాలు, నోటుబుక్కు, ఒక జత చెప్పులు. అతను తలూపాడు. ఆయా వచ్చి దుప్పట్లు ముద్దచేసి పట్టుకుపోయింది. పరుపు మీది రబ్బరు గుడ్డని మందునీళ్ళతో తుడిచింది.

"ఈ మంచం ఇంకెవరికైనా ఇస్తారా?" అని అడిగాడు.

"రేపు పొద్దున్నే ఒకావిడ వస్తున్నారండి," అంది నర్సు.

అతను లేచి, ఏదైనా మిగిలిందేమోనని మంచం చుట్టూ ఒకసారి తిరిగాడు. తల వైపు ఇనుప కమ్మీకి, ఆయా గుడ్డ అందని మూలన, జడ చివర పెట్టుకునే నల్ల రబ్బరు బ్యాండు ఒకటి తగిలించి ఉంది. దానికి రెండు పొడవాటి తెల్ల వెంట్రుకలు చుట్టుకుని, ఫ్యాను గాలికి కదులుతున్నాయి.