ఎడమ మెలిక

"మా ఆవిడ చేసేస్తుంది లెండి, దానికదో చిటికెలో పని" అని ఆఫీసులో నలుగురి ముందు ఒప్పేసుకుని వచ్చి, ఆ సంగతి రాత్రి భోజనాల దగ్గర మంచినీళ్ళు తాగుతూ చల్లగా చెప్పాడు భర్త. ఆఫీసు పెట్టి పాతికేళ్ళయిందట. శనివారం హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి రంగు కాగితాల దండ కట్టాలట. ఎంత పొడుగు కావాలని ఆమె అడిగితే, "ఎంతోయ్, ఇరవై బారలు చాలు" అని రెండు చేతులూ చాచి ఒక బార చూపించాడు. చాలు అనే మాట చేసేవాళ్ళు అనాలి గానీ ఒప్పుకున్నవాళ్ళు అనకూడదని ఆమెకి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. అతను చెడ్డవాడేం కాదు. ఆమెకి జ్వరమొస్తే నుదుటి మీద చేయి వేసి చూసి, బయటి నుంచి భోజనం తెప్పిస్తాడు. కాకపోతే ఇంట్లో పనులన్నీ వాటంతటవే జరిగిపోతాయని, ఎండ కాసినట్టూ గాలి వీచినట్టూ అనుకుంటాడు.

మర్నాటి నుంచి మొదలుపెట్టింది. ముడతల కాగితం, ఎరుపొకటి, పసుపొకటి. రెండంగుళాల వెడల్పున పట్టీలు కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒక చివర బట్టల క్లిప్పుతో కిటికీ ఊచకి బిగించి, రెండో చివర వేళ్ళతో మెలితిప్పుకుంటూ రావాలి. గట్టిగా తిప్పితే చిరుగుతుంది, వదులుగా తిప్పితే ఉసూరుమంటుంది. కుక్కర్ మూడో కూతకీ, వాషింగ్ మెషిన్ ఆగడానికీ మధ్య ఒక బార. కూరలు తరగడానికీ, పాలు పొంగడానికీ మధ్య అరబార. రెండో రోజుకి అత్తగారే వచ్చి, "సగం నాకియ్యి అమ్మాయ్, ఊరికే కూర్చుంటే కీళ్ళు పట్టేస్తున్నాయి" అని పట్టీల కట్ట తన గదిలోకి పట్టుకుపోయింది. అడక్కుండా వచ్చిన సాయం. మరో వారమైతే ఆమె మనసు వెన్నలా కరిగిపోయేది. ఆ వారం మాత్రం అత్తగారి మీద ఆమెకి కోపంగా ఉంది.

కారణం బుడ్డిది. ఆరేళ్ళ కూతురు. దానిది ఎడమచేతి వాటం. వచ్చే వారం బడి తెరుస్తారు, పెద్ద తరగతి. ఈలోపు కుడిచేతికి మార్చెయ్యాలని తండ్రి తీర్మానించి, "అమ్మ చూసుకుంటుంది" అన్నాడు. అదీ ఒప్పుకోవడమే, ఇంకొకరి తరఫున. అత్తగారు రోజూ పొద్దున్నే పిల్ల ఎడమ పిడికిలికి చేతిరుమాలు చుట్టి ముడి వేసి, కుడిచేతిలో పెన్సిలు పెట్టి కూర్చోబెడుతుంది. వదిలేద్దాం అత్తయ్యా అని కోడలు ఒకసారి అనకపోలేదు. "నువ్వు మెత్తన. లోకం మెత్తన కాదు" అందావిడ. భర్తని కదిలిస్తే, పెద్దవాళ్ళు ఊరికే చెబుతారా అన్నాడు. డిగ్రీ చదివింది, పుస్తకాలు తిరగేసింది, చేతివాటం జబ్బు కాదని ఆమెకి తెలుసు. తెలిసి నోరు మెదపకుండా కూర్చున్నందుకు అసలు కోపం ఎవరి మీదో కూడా తెలుసు. పిల్ల బొమ్మలు వెయ్యడం మానేసింది. అదైనా సరిపెట్టుకునేదేమో. నిన్న టీవీ చూస్తున్నప్పుడు, ఎవరూ చెప్పకుండానే, రుమాలు లేకుండానే, ఆ ఎడమచేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది.

గురువారం మధ్యాహ్నం రెండు సగాలూ తెచ్చి, మధ్యలో స్టేప్లర్‌తో కలిపి, గదిలో పట్టక మిగిలిన చివరలు మడతలు పెట్టుకుంటూ కిటికీ నుంచి గుమ్మానికి కట్టి చూసింది. కప్పు టీ తాగేంత సేపు చూడముచ్చటగా ఉంది. తర్వాత మధ్యలో అతుకు, ఎవరో పిలిచినట్టు మెల్లగా పక్కకి తిరిగింది. ఇంకోసారి తిరిగింది. అటు సగమూ ఇటు సగమూ కూడబలుక్కున్నట్టు విచ్చుకుంటూ పోయి, పది నిమిషాల్లో దండ కాస్తా ఆరేసిన గుడ్డలా వేలాడింది. ఫోన్ చేస్తే భర్త, గమ్ తక్కువేశావేమో అన్నాడు. అందులో గమ్మే వెయ్యరు.

చివరి మడతల్లో ఇంకా విప్పుకోని ముక్కలు రెండు పక్కపక్కన పెట్టి చూసింది. తన మెలిక ఒకవైపుకి వాలి ఉంది, అత్తగారిది రెండోవైపుకి. తిరగేసినా, తలకిందులు చేసినా అంతే. రెండూ ఎదురు మెలికలు కాబట్టే ఒకదాన్నొకటి విప్పేసుకున్నాయి. కొత్త పట్టీలు తీసుకుని కుడిచేత్తో తిప్పింది, తనలాగే వచ్చింది. ఎడమచేత్తో తిప్పింది, వంకరటింకరగానైనా అచ్చం అత్తగారిలాగే వచ్చింది. ఆ ముక్కని చేతిలో పట్టుకునే లోపలికి నడిచింది.

అత్తగారి గది తలుపు ఓరగా వేసి ఉంది. ఆవిడ వీపు ఇటు పెట్టి కూర్చుని, మిగిలిన పట్టీలు మెలితిప్పుతోంది. ఎడమచేత్తో. కుడిచేయి ఊరికే కొస పట్టుకుని ఉంది, పనిమంతుడి పక్కన నిలబడ్డ చుట్టంలా. పదేళ్ళ కాపురంలో ఆ ఎడమచేయి అలా కదలడం ఆమె ఎన్నడూ చూడలేదు. కాగితం ఆ వేళ్ళ మధ్య నీళ్ళలా జారుతోంది. ఆవిడ ఏదో కూనిరాగం కూడా తీస్తోంది. అలికిడికి తిరిగి చూసి, టక్కున చేయి మార్చేసింది.

"ఎప్పటి నుంచి అత్తయ్యా?"

"పుట్టినప్పటి నుంచి."

మిగతాది ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. పెళ్ళైన కొత్తలో తన మామగారికి మంచినీళ్ళ గ్లాసు ఎడమచేత్తో అందించిందట. ఆయన పల్లెత్తు మాట అనలేదట. లేచి వెళ్ళి ఆ నీళ్ళు తూములో పారబోసి, ఖాళీ గ్లాసు తెచ్చి ఆవిడ చేతికిచ్చాడట. తర్వాత ఏడాదిపాటు, ఎడమచేయి కదిలితే చాలు, తన అత్తగారి గరిటె ఆ వేళ్ళ కణుపుల మీద పడేదట. కుడిచేత్తో వడ్డిస్తే ఒలికిపోయేది. ఒలికితే పనిరానిదన్నారు. అలాగే గరిటె నేర్చుకుంది, సూది నేర్చుకుంది, సంతకం నేర్చుకుంది. చేతివాటం మారిపోయిందనే కట్టుకున్నాయన కూడా చివరిదాకా అనుకున్నాడట.

"ఈ కాగితం పని ఎవరూ నేర్పలేదు కదే. అందుకని చేయి దాని దారిన అది పోయింది" అని చిన్నగా నవ్వింది.

"ఇంత పడ్డవాళ్ళు, మరి బుడ్డిదాన్ని..."

"నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు మార్చారు. ప్రాణం పోయినంత పనైంది. ఆరేళ్ళప్పుడైతే దానికి తెలియకుండా అయిపోతుందనుకున్నా."

ఇన్నాళ్ళుగా పెంచుకున్న కోపానికి కోడలి మనసులో కూర్చునే చోటు లేకుండా పోయింది. ఆవిడ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది, ఎడమచేతినే. కణుపులు కుడిచేతి కణుపుల కన్నా లావుగా ఉన్నాయి. "మీకే ఇంకా మారలేదు కదా అత్తయ్యా" అంది. కోడలు పిల్లని పిలిచి, చేతి రుమాలు ముడి విప్పుతుంటే, బిగుసుకున్న ముడి పంటితో లాగడానికి ఆవిడే వంగింది.

సాయంత్రం భర్త వచ్చేసరికి హాలు నిండా ఎర్రగా, పసుపుగా ఉంది. నానమ్మా, మనవరాలూ ఎదురెదురుగా కూర్చుని పోటీలు పడి మెలితిప్పుతున్నారు. భార్య తను చేసిన పది బారల్లో ఇంకా మిగిలిన మెలికలు కూడా విప్పుతోంది, విప్పిన పట్టీలు సాపు చేసి వాళ్ళ ముందు పెడుతోంది. రెండు సగాల మెలికలూ ఎదురెదురు పడ్డాయని విని అతను తల గోక్కున్నాడు. శుక్రవారం ఒక్కటే మిగిలింది. అమ్మది తేడాగా వస్తే అమ్మది విప్పాలి గానీ, లక్షణంగా వచ్చిన నీది విప్పుకుంటావేమిటి అన్నాడు.

"ఇంట్లో ఎడమచేతి వాళ్ళు ఇద్దరు, నేనొక్కదాన్నే తేడా. ఎవరిది విప్పాలో మీరే చెప్పండి" అంది ఆమె, తలెత్తకుండానే. "ఇంకో మాట. బుడ్డిది ఎడమచేత్తోనే రాస్తుంది."

"ఇద్దరా?" అన్నాడు అతను. "ఇద్దరెవరు?"

అతను కూతురి చేతి వంక చూశాడు. అక్కడి నుంచి, ముప్పై ఎనిమిదేళ్ళుగా చూస్తున్న తల్లి చేతుల వంక చూశాడు. చూస్తూ చూస్తూ, భుజానికున్న సంచీ తీసి పక్కన పెట్టి, నేల మీద కూర్చుండిపోయాడు.

"నీ కూతురూ, నేనూ" అంది తల్లి, మెలిక ఆపకుండా. "బడిలో టీచరుకి ఆ ముక్క నువ్వు చెబుతావా, నన్నొచ్చి చెప్పమంటావా?"