లేని కామెర్లకు పథ్యం

ఉమాపతికి పచ్చకామెర్లు వచ్చాయని చీపురుపల్లి బజారులో అందరికంటే ముందు చెప్పింది అతని భార్య హైమే. అతనికి కామెర్లు లేవని, అతను కాక, ఊళ్లో తెలిసిన మనిషి కూడా హైమ ఒక్కతే.

హుద్‌హుద్ తుఫాను వెళ్లిన మరుసటి ఏడాది, మాఘమాసం పెళ్లిళ్ల రోజులవి. స్టీలు సామాన్ల కొట్టుకి ఊపిరాడని కాలం. పెళ్లివారు కొన్న ప్రతి గిన్నె మీదా పేర్లు వేసివ్వాలి. కరెంటు పెన్ను పట్టుకుని ఉమాపతి వేసే అక్షరాలకు బొబ్బిలి దాకా పేరుంది. అలాంటివాడు ఒక మధ్యాహ్నం పెళ్లికూతురి పేరు సగం చెక్కి ఆగిపోయాడు. పెన్ను చేతిలో జుమ్మని మోగుతూనే ఉంది. అతను గిన్నెకేసి చూస్తూనే ఉన్నాడు. గుమస్తా గంగులు కాసేపు చూసి, ప్లగ్గు పీకి, రిక్షా ఎక్కించి ఇంటికి తెచ్చాడు.

"షాక్ కొట్టిందేటో అనుకున్నానమ్మా," అన్నాడు. "షాక్ కొడితే అరుస్తారు గదా. ఈయన అరవనేదు."

ఇంటికొచ్చిన ఉమాపతి మధ్యగదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. అంతకు ముందు రెండు నెలలుగా గడ్డం గీసుకోవడం తగ్గింది, తిండి తగ్గింది, మాట తగ్గింది. హైమ గమనించకపోలేదు. కొట్టు ఒత్తిడి అనుకుంది. ఇప్పుడు మిగిలింది కూడా ఆగిపోయింది.

హైమ విజయనగరంలో బి.యస్సీ. బోటనీ చదివింది. పెళ్లయ్యాక ఆ చదువు పెరట్లో కరివేపాకు మొక్కకి తప్ప ఇంకెవరికీ పనికి రాలేదు. ఇప్పుడు మాత్రం ఒక పనికొచ్చింది. ఇది గాలి కాదు, దిష్టి కాదు, జబ్బని గుర్తుపట్టింది. గ్యాస్ నొప్పికి చూపిద్దామని అత్తగారికి చెప్పి, అతన్ని పాసింజరెక్కించి విజయనగరం తీసుకెళ్లింది. డాక్టరుగారు ఓపిగ్గా విని, డిప్రెషన్ అన్నారు. పొద్దున్న టిఫిను తర్వాత రోజుకొక మాత్ర. గుణం కనబడడానికి మూడు నాలుగు వారాలు పడుతుందనీ, మధ్యలో మానకూడదనీ రెండుసార్లు చెప్పారు.

తిరుగు రైల్లో ఉమాపతి మాట్లాడిన మాట ఒక్కటే.

"ఎవరికీ సెప్పకు హైమా. మతి సలించిందంటారు. సిన్నపిల్లలు కూడా నన్ను సూసి పక్కకి తప్పుకుంటారు."

"చెప్పను."

"అమ్మకి కూడా."

"అత్తయ్యకి కూడా చెప్పను. ఒట్టు."

ఒట్టు వేసినంత సులువు కాదు నిలబెట్టుకోవడం. బజారు వీధిలో మనిషి ఊరికే పడుకోడానికి లేదు. కారణం కావాలి. జ్వరమంటే మూడు రోజులకి మించి నమ్మరు. నడుంనొప్పంటే నూనె గిన్నెతో ఎవడో ఒకడు దిగుతాడు. హైమ రెండు రోజులు ఆలోచించి కామెర్లని ఎంచుకుంది. కామెర్లంటే అందరికీ గౌరవం. నలభై రోజులు మంచం దిగక్కర్లేదు. తిండి సహించలేదన్నా, మాట్లాడే ఓపిక లేదన్నా, ఎవరూ ఏమీ అనుకోరు.

చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఉమాపతి కనురెప్ప కిందకి లాగి చూశారు. ఎదురింటి దుర్గాభవాని అయితే తలుపు దగ్గర్నుంచే చూసేసింది.

"పసుపు ముద్దల్లాగున్నాయి వదినా కళ్లు. బాగా ముదిరీదాకా ఊరుకున్నారు."

కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని సామెత. ఇక్కడ సామెత తిరగబడింది. హైమకి చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. వంటింట్లోకి వెళ్లి నవ్వుకుంది.

అత్తగారు లక్ష్మణమ్మ మాత్రం అంత తొందరగా నమ్మే మనిషి కాదు. డెబ్భై ఏళ్లావిడ, వడ్డీ లేకుండా ఎవరి మాటా పుచ్చుకోదని బజారులో పేరు. కొడుకు మూత్రంలో నాలుగు బియ్యపు గింజలు నానబెట్టి చూడాలంది. కామెర్లయితే గింజలు పచ్చబడతాయి. గింజలు నానేసి ఆవిడ స్నానానికి వెళ్లింది. హైమ అటూ ఇటూ చూసి, పోపులపెట్టె తీసి, చిటికెడు పసుపు వేసి పుల్లతో కలిపింది. స్నానం చేసొచ్చి చూసిన లక్ష్మణమ్మ అక్కడే కూలబడింది.

"నా తండ్రే. ఇంత పచ్చగా ఎవరికీ రాలేదే."

కాస్త ఎక్కువే పడిందని హైమ అనుకుంది. అప్పుడది తమాషాగానే ఉంది.

పెళ్లిళ్ల రోజులు కాబట్టి కొట్టు మూయడానికి లేదు. తొమ్మిదింటికి హైమ కొట్టుకి వెళ్లి ఒంటిగంటకి వచ్చేది. పొద్దున్న టిఫిను పెట్టి మాత్ర ఇచ్చే పని అత్తగారిది. "బలానికి ఇచ్చేరత్తయ్యా, మరవకండి" అని చెప్పింది. ఇంటికి రాగానే హైమ ముందు చూసేది మాత్రల షీటే. రోజుకొకటి చొప్పున, తప్పకుండా తగ్గుతోంది.

మనిషే బాగుపడటం లేదు. మొదటి వారం కాస్త తెరిపిన పడ్డాడనిపించింది. ఒకరోజు లేచి పెరట్లో కూర్చున్నాడు. తర్వాత అదీ లేదు. మూడో వారానికి స్నానం మానేశాడు. విశాఖపట్నం హాస్టల్లో ఇంటర్ చదువుతున్న కూతురు రాధిక ఫోన్ చేస్తే, చెవి దగ్గర పెట్టుకుని ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాడు. "నాన్నకి నీరసంగా ఉందమ్మా, కామెర్లు కదా" అంది హైమ ఫోన్ తీసుకుని. అబద్ధం కూతురి దాకా వెళ్లింది. నాలుగో వారం దాకా చూడమన్నారు కదా అని రోజులు లెక్కపెట్టుకుంది.

ఆదివారం ఒంటిగంటకి ఇంటికొచ్చేసరికి లక్ష్మణమ్మ ముఖం వెలిగిపోతోంది. చేస్తున్న పని ఆపి ఎదురొచ్చింది.

"గరివిడి దగ్గర సోములని ఉన్నాడే, కామెర్లకి వాత పెడతాడు. ఆటో కట్టించుకుని తీసుకెళ్లిపోయేను. నీకు సెప్తే సదువుకున్నదానివి, వద్దంటావు గదా. వాత పెడితే నా కొడుకు సప్పుడు సెయ్యలేదు. సోములు ఎంత మెచ్చుకున్నాడనుకున్నావు. పెద్ద పెద్ద మోతుబరులే గావుకేకలు పెడతారట."

హైమ చెప్పులు విప్పకుండానే మధ్యగదిలోకి వెళ్లింది. ఉమాపతి గోడవైపే తిరిగి ఉన్నాడు. ఎడమచెయ్యి దుప్పటి మీద ఉంది. మణికట్టుకి పైన, రూపాయి బిళ్లంత మేర రెండు చోట్ల చర్మం ఉడికి ఊడిపోయింది. దాని మీద ఏదో ఆకుపసరు పూసి ఉంది.

బయటికొచ్చి అడిగింది. "అత్తయ్యా, పొద్దున్న మాత్ర వేసుకున్నారా?"

లక్ష్మణమ్మ చీర కొంగు సరిచేసుకుంది. "మాత్ర మానిపించీసి మూడు వారాలైంది. కామెర్లకి ఇంగ్లీషు మందులు విషం గదే. ఎవర్నడిగినా అదే సెప్తారు. నువ్వు కోప్పడతావనీసి రోజుకొకటి తీసి తూములో పారేస్తన్నాను. దానికి బదులు నేల ఉసిరి పసరు ఇస్తన్నాను, పరగడుపున."

అనడానికి ఆవిడ తప్పేముంది? కామెర్లున్న కొడుక్కి ఏ తల్లయినా చేసే పనే చేసింది. కామెర్లు ఇచ్చింది తను.

మళ్లీ గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసి, మంచం అంచున కూర్చుంది.

"మాత్ర ఇవ్వటం లేదని నాకు ఎందుకు చెప్పలేదండీ?"

గోడవైపు నుంచే జవాబొచ్చింది. "నీ మాట పోతాదనీసి. కామెర్లని నువ్వే సెప్పేవు. అమ్మ నమ్మింది. పసరిచ్చింది, తాగేను."

"మరి వాత?"

"పెడతానన్నాడు. సెయ్యి సాపేను."

"నొప్పి పుట్టలేదా?"

ఎప్పుడో మరిచిపోయిన సంగతి అడిగినట్టు ఆలోచించాడు. "పుట్టినట్టే ఉన్నాది."

హైమ ఆ చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. అతను వెనక్కి లాక్కోలేదు, ఇవ్వనూ లేదు. ఎవరిదో చెయ్యి అక్కడ మరిచిపోయినట్టుంది.

"కామెర్లతో మనుషులు పోతారు గదా హైమా," అన్నాడు, గోడతో చెబుతున్నట్టు. "గంగులు బావమరిది పోలేదేటి. కామెర్లతో పోయేడంటే ఎవరూ ఏటీ అనుకోరు. నీకు మాట రాదు. రాధికకి మాట రాదు. ఊరంతా ముందే తయారుగున్నాది. మంచి జబ్బే ఎంచేవు."

అది ఎత్తిపొడుపు కాదు. నిజంగానే మెచ్చుకున్నాడు. పెళ్లయిన పందొమ్మిదేళ్లలో, చేసిన పనికి ఇంత మనస్ఫూర్తిగా మెచ్చుకోవడం హైమకి గుర్తు లేదు.

ఆయన నలుగురి నోళ్లకీ దూరంగా పడుకోడానికి తనొక చాటు కట్టాననుకుంది. ఆ చాటులోంచి వెళ్లిపోడానికి ఆయన దారి వెతుక్కున్నాడు. పసుపు కలిపిన పుల్ల గుర్తొచ్చింది ఆమెకి.

"చచ్చిపోదామనుకుంటున్నారా?" సూటిగానే అడిగింది. అడగడానికి ఇంకో మర్యాదైన మాట దొరకలేదు.

"ఇంకా ఏటీ అనుకోలేదు."

ఆ 'ఇంకా' దగ్గర హైమ లేచింది. మంచం ఎదురుగా ఉన్న తలుపు బార్లా తీసింది. అతను కనిపించేలా, అతనికి వినిపించేలా గుమ్మంలోనే నిలబడింది. వసారాలో లక్ష్మణమ్మ పక్కన దుర్గాభవాని కూడా ఉంది. వాత సంగతి విని మూడు కొబ్బరిబొండాలు తెచ్చింది. ఆవిడకి చెబితే సాయంత్రానికి బజారుకి, మర్నాటికి మండలానికి చేరుతుంది. హైమకి సరిగ్గా అదే కావాలి.

"అత్తయ్యా, ఆయనకి కామెర్లు లేవు. నేనే అబద్ధం చెప్పేను."

"ఏటి?" అంది లక్ష్మణమ్మ.

"ఆయనకి మనసు జబ్బు. డిప్రెషన్ అంటారు. విజయనగరంలో చూపించింది ఆ డాక్టరుకే. ఆ మాత్ర దానికే."

"బియ్యం పచ్చబడ్డాయి గదే. నా కళ్లతో సూసేను."

"పసుపు నేనే కలిపేను."

"ఎందుకే?"

"మీరు నమ్మాలని."

లక్ష్మణమ్మ కోడలికేసి చూసింది, తెరిచి ఉన్న గదికేసి చూసింది. "నమ్మేను గదే," అంది. "నమ్మబట్టే గదా నా సేతుల్తో తీసుకెళ్లి వాడి సెయ్యి కాల్పించీసాను."

ఆ తర్వాత ఆవిడ ఏడ్చిన ఏడుపు హైమ చెవులు మూసుకోకుండా విన్నది. వినడం తన వంతు అనుకుంది.

దుర్గాభవాని ఆగలేక అడిగింది. "అయితే దిగులన్నమాట. దిగులు దేనికి వదినా? నిండుగా కొట్టున్నాది, బంగారంలాటి పిల్లున్నాది. అన్నయ్యకి తక్కువేటి?"

"దేనికీ లేదు భవానీ. మీ ఆయనకి పోయినేడు టైఫాయిడ్ దేనికొచ్చింది?"

"అది నీళ్ల వల్ల."

"ఇది దేనివల్లో డాక్టరుకీ సరిగ్గా తెలీదట. మాత్ర వేస్తే తగ్గుతాదట. ఒంటరిగా వదలకూడదు. తెలిసింది అంతే."

దుర్గాభవాని వెళ్లేటప్పుడు మూడు బొండాల్లో రెండు వదిలి, ఒకటి చంకన పెట్టుకుని వెళ్లింది. దిగులుకి రెండు చాలనుకుందేమో.

హైమ డాక్టరుగారికి ఫోన్ చేసి అంతా చెప్పింది. వాత సంగతి ఆయన మళ్లీ చెప్పించుకున్నారు. ఒక్క నిమిషం కూడా వదలకుండా కనిపెట్టుకుని ఉండమని, పొద్దున్నే తీసుకురమ్మని చెప్పారు. సోమవారం పాసింజర్లో తీసుకెళ్లింది. కాలిన చోట కట్టు కట్టారు. ఉమాపతిని ఒంటరిగా గంటసేపు కూర్చోబెట్టుకుని మాట్లాడారు. మాత్రలు మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాలన్నారు. మళ్లీ మూడు నాలుగు వారాలు. వారం వారం రావాలి.

చూడ్డానికి మరెవరూ రాలేదు. కామెర్లకి రోజుకి పదిమంది వచ్చేవారు. ఇప్పుడు వీధిలో వెళ్లేవాళ్లు ఆ ఇంటి ముందు గొంతు తగ్గించి నడుస్తున్నారు. గిన్నె కొనడానికి వచ్చినవాళ్లు, గంగులు చెప్పిన ప్రకారం, ముందు అతని ముఖంలోకి చూసి తర్వాత గిన్నెకేసి చూస్తున్నారట. "నాకూ అంటుకుందేటోనని సూస్తన్నారమ్మా," అన్నాడు. హైమ కొట్టు అతనికే వదిలేసింది.

ఉమాపతి నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అంతకు ముందూ మాట్లాడలేదు గానీ, ఆ మౌనం వేరు, ఈ మౌనం వేరు. పందొమ్మిదేళ్లు కాపురం చేసిన మనిషికి ఆ తేడా తెలుస్తుంది.

ఐదోనాడు పొద్దున్న హైమ ఇడ్లీ పెట్టి, మాత్ర విప్పి, గ్లాసు పట్టుకుని మంచం దగ్గర నిలబడింది.

"ఊరందరికీ సెప్పీసేవు," అన్నాడు.

"చెప్పేశాను."

"ఒట్టేసేవు గదా."

"వేసేను. తప్పేను."

"ఇప్పుడు నేను ఏ ముఖంతో బయటికెళ్లాలి?"

హైమ గ్లాసు ముందుకి చాపింది. "తెలీదండీ. మాత్ర వేసుకోండి."

అతను మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. గ్లాసు తిరిగిచ్చాడు. హైమ కదల్లేదు.

"నాలిక ఎత్తండి."

ఉమాపతి తలెత్తి చూశాడు. అది కోపం. ఆ ముఖంలో ఈ మధ్య ఏమీ చూడని హైమ ఆ కోపాన్ని తల తిప్పుకోకుండా చూసింది. ఎంతసేపటికో, బడిపిల్లాడిలా, అవమానంగా నాలిక ఎత్తాడు. కింద ఏమీ లేదు. మళ్లీ గోడవైపు తిరిగాడు.

గుమ్మం అవతల లక్ష్మణమ్మ నిలబడి ఉంది. ఆదివారం నుంచి ఆవిడ ఆ గదిలో అడుగు పెట్టలేదు.

"మింగేడా?" అక్కడ్నుంచే అడిగింది.

"మింగేరత్తయ్యా."

"ఇంకెన్నాళ్లే?"

"తెలీదు."

లక్ష్మణమ్మ ద్వారబంధాన్ని పట్టుకుని మెల్లగా అక్కడే కూర్చుంది. హైమ కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది. హాల్లో ఫోన్ మోగింది. ఆగి మళ్లీ మోగింది. కొట్టు దగ్గర్నుంచే అయ్యుంటుంది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.