ఉప్పు కర్ర పగ

నేను ఒక సరుగుడు కర్రను. ఉప్పు మడిలో కట్టిన ఉప్పును గట్టుకు లాగడానికి ఒక వెడల్పాటి చెక్క ఉంటుంది చూడండి, దానికి బిగించిన ఆరడుగుల పిడిని. కర్రకు కోపమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. మీరు నవ్వినంత మాత్రాన నా కడుపుమంట చల్లారదు. తవిటయ్య మేస్త్రి పేరు వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కన ఒక ఉప్పు కొఠారుకు, అంటే నలభై మడుల ఉప్పు పొలానికి, నన్ను తెచ్చారు. వడ్రంగి హడావిడిగా బెరడు గీకి వదిలేశాడు. ఒళ్ళంతా కణుపులు, గరుకు. కొత్త కర్రలన్నీ అలాగే వస్తాయి, అందులో వింతేమీ లేదు. అక్కడి ఆడవాళ్ళకు దానికో పద్ధతి ఉండేది. కొత్త కర్రను మూడు రోజులు పనిలోకి దింపరు. పగిలిన సీసా పెంకుతో కణుపులు గీకుతారు, ఆముదం పట్టించి ఎండబెడతారు, చేతులు పడేచోట పాత చీర పేలిక చుడతారు. అంత మర్యాద చేశాకే కర్ర అరచేతికి చుట్టమవుతుంది.

నేను వచ్చిన ఏడే తవిటయ్య మేస్త్రిగా వచ్చాడు. వస్తూనే ఆ పద్ధతికి మంగళం పాడేశాడు.

"నూనె రాస్తే ఉప్పు జిడ్డయిపోద్ది. గుడ్డ సుడితే పోగులు ఉప్పుల పడతాయి. ఇది కొఠారనుకున్నారా, పేరంటమనుకున్నారా?" అన్నాడు. ఆయన చేయి గొడుగు తప్ప ఇంకేమీ పట్టి ఎరగదు.

నేను దాలమ్మ వంతుకు వచ్చాను. ఇరవై ఏళ్ళుగా ఉప్పు లాగుతున్న మనిషి. ఆ రెండు చేతులే ఆమె ఆస్తి. మొదటిరోజు సాయంత్రానికే కుడిచేతి ఉంగరం వేలు మొదట్లో చింతగింజంత నీటి పొక్కు లేచింది. ఎవరు లేపారు? నేనే. ఆమె లాగినప్పుడల్లా నా కణుపు ఆ చర్మాన్ని కొరుకుతూనే ఉంది, ఆపడం నా వల్ల కాలేదు.

మర్నాడు పొక్కు రెండింతలయింది. చేయి మంచినీళ్ళతో కడుక్కుని గుడ్డ కట్టుకొస్తానని దాలమ్మ అడిగింది. మేస్త్రి అప్పటికప్పుడు ఒక అపశకునాన్ని పుట్టించాడు.

"సగం లాగిన మడి ఇడిసిపెట్టి ఎల్తే ఆ ఏడు ఉప్పు కట్టదు, తెల్దేటే? పొక్కు సిదిమీసి ఉప్పునీళ్ళల ముంచు. సర్మం గట్టిపడిపోద్ది."

మనుషుల సంగతి నాకు అంతుపట్టదు. మేలు చెబితే సవాలక్ష అనుమానాలు, కీడు చెబితే వెంటనే నమ్మకం. దాలమ్మ నమ్మింది. తుమ్మముల్లుతో పొక్కు పొడిచి చేయి మడిలో ముంచింది. ఆమె పెట్టిన కేకకు గట్టు మీద కొంగలు లేచిపోయాయి. మేస్త్రి మాత్రం గొడుగు ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

నాలుగోరోజుకు చీము పట్టింది. మణికట్టు దాకా వాచి జ్వరం వచ్చింది. టెక్కలి ఆసుపత్రిలో డాక్టరమ్మ కోసి కట్టు కట్టింది. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వచ్చేదని చీవాట్లు పెట్టిందట. ఆ చేయి మానడానికి పట్టిన రెండు నెలలూ నేను పాకలో గోడకు ఆనుకుని ఉన్నాను, నా మీద ఆమె నెత్తురు ఎండిపోయి ఉంది. నన్ను ఆమె చేతికి శత్రువును చేసినవాణ్ణి వదలకూడదని అప్పుడే అనుకున్నాను. కానీ కర్రకు దానంతట అది నడిచే యోగం లేదు గదా, ఎవరో ఒకరు అందించాలి.

దాలమ్మ అందించింది.

మరుసటి ఏడు తొలి ఉప్పు తీసే రోజు. కొఠారు యజమాని షావుకారు వచ్చి కొబ్బరికాయ కొట్టాక మేస్త్రి నాలుగు లాగులు లాగి కర్రను ఆడవాళ్ళకిచ్చేయడం అక్కడి ఆనవాయితీ. దాలమ్మ పాకలోకి వెళ్ళి, ఉన్నవాటిలో నన్నే ఏరి తెచ్చింది. తవిటయ్య నాలుగు లాగులు లాగి, పళ్ళికిలించి నన్ను చాచాడు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

"అయ్యబాబోయ్, సగం లాగిన మడి ఇడిసిపెడితే ఆ ఏడు ఉప్పు కట్టదంట గదా బాబుగారూ! మేస్త్రే సెప్పినాడు."

కిందటేడు అకాల వర్షానికి సగం ఉప్పు కరిగిపోయి ఉంది. షావుకారు ముఖం పాలిపోయింది. "అలాగా? అయితే మొత్తం లాగవయ్యా!" అన్నాడు. అబద్ధం చెప్పానని తవిటయ్య ఎలా అంటాడు? భుజం మీది తువ్వాలు తీసి నాకు చుట్టబోయాడు.

"పోగులు పడతాయి మేస్త్రీ!" అని వెనక నుంచి నలుగురు ఒక్కసారే అరిచారు. షావుకారు కళ్ళెర్రజేశాడు. తువ్వాలు మళ్ళీ భుజమెక్కింది.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే నాకు ఈనాటికీ సంబరమే. ఒక్క కణుపును కూడా దాచుకోలేదు నేను. పది లాగులకు ఆయన అరచేతులు ఎర్రబడ్డాయి, ముప్పైకి పొక్కులు లేచాయి. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత బాగా కొరికాను. మడి ఖాళీ అయ్యేసరికి మేస్త్రి గట్టు మీద కూలబడి, రెండు చేతులూ గాలిలో పెట్టుకుని చిన్నపిల్లాడిలా మూలిగాడు.

"ముంచండే ఉప్పునీళ్ళల!" అని ఒకామె అంది. "దాలప్పా, ఇదిగో ముల్లు," అని ఇంకొకామె అందించింది. నేనూ అదే కోరుకున్నాను.

దాలమ్మ ముల్లు తీసుకుని, విరిచి పారేసింది. మంచినీళ్ళ కుండ తెప్పించి ఆయన చేతులు కడిగి, మెల్లగా అద్ది, ఉతికిన గుడ్డ కట్టింది.

"సిదమకు. పైతోలే దానికి కాపు. దానికదే పగిలినా ఆ తోలు పీకకు. రోజూ కడిగి గుడ్డ మార్చు, ఉప్పు తగల్నీకు."

తవిటయ్య కళ్ళు చెమర్చాయి. "నాకింత సేవెందుకే, దాలమ్మా?"

"నీ సేతులు బేగి బాగవ్వాల మేస్త్రీ. మడి మడికీ తొలి ఉప్పు నీ సేత్తోనే తియ్యాల గదా. ఇంకా ముప్పైతొమ్మిది మడులున్నాయి."

షావుకారు నిజమేనన్నట్టు తల ఊపాడు.

తెల్లారేసరికి తవిటయ్య ఒక సంచీడు పాత పంచెలు, ఒక సీసా ఆముదం మోయించుకొచ్చాడు. గుడ్డ చుట్టిన కర్రతో ఎవరు లాగినా దోషం పోతుందని ఎవరో పంతులు చెప్పాడట! షావుకారు అదీ నమ్మాడు. మూడు రోజులు పని ఆపి ఆడవాళ్ళు కర్రలన్నీ గీకారు. నన్ను దాలమ్మే గీకింది. ఇప్పుడు ఒళ్ళంతా నునుపు, నడుముకు మెత్తని గుడ్డ. ఎవరి చేతినీ కొరకలేను, కొరకాలనీ లేదు.

కథ సుఖాంతమైందని మీరు లేచిపోవచ్చు. ఆగండి. మేస్త్రి అరచేతులు పదిరోజుల్లో మానిపోయాయి, మచ్చయినా మిగల్లేదు. దాలమ్మ రోజూ నన్ను పట్టుకుంటుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, చిటికెనవేలు నా చుట్టూ ముడుచుకుంటాయి. ఉంగరం వేలు మాత్రం వంగదు. కర్రలా బిగుసుకుపోయి, నన్ను తాకకుండా పక్కకు నిలబడి ఉంటుంది. దాన్ని చూసినప్పుడల్లా, ఆ రోజు ఇంకో రెండు మడులు ఆయన చేత లాగించి ఉండాల్సింది అనిపిస్తుంది.