బాల్కనీ మీద బస్తా నడక

చువ్వని చువ్వ అని పిలవడానికి రెండు కారణాలు. ఇనుప చువ్వలు కోసి, వంచి, కట్టడం అతని పని. ఇక రెండోది, మనిషిని పక్కనుంచి చూస్తే చువ్వకీ అతనికీ తేడా తల దగ్గరే తెలుస్తుంది. పొద్దస్తమానం ఇనుముతో తిరిగేవాడు కదా, "వినుము" అంటే మాత్రం వినడు. చువ్వల్ని వంచడం వృత్తి, తాను వంగకపోవడం ప్రవృత్తి.

ఆ ఉదయం అతని సొంత ఇంటికి స్లాబు. కింది గదికి పైకప్పు, దాంతోపాటే వీధి వైపుకి పొడుచుకొచ్చే బాల్కనీ, రెండూ ఒకే ఊపులో పోసెయ్యాలి. బాల్కనీ భార్య కోరిక. ఆవిడ బట్టలు కుడుతుంది. గదిలో వెలుతురు చాలక సూదిలో దారం ఎక్కించేసరికి ఆవిడకి కోపం ఎక్కేది. మిషను బాల్కనీలో వేసుకుని పగటి వెలుగులో కుట్టుకుంటానంది.

చువ్వకి ఒక అలవాటుంది. కట్టడం అయ్యాక ఇనుప జాలీ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి తనే ఒకసారి నడుస్తాడు. కాలి కింద కడ్డీ కదలకపోతే పని భేషు. ఇన్నేళ్ళలో ఏ ఇంట్లోనూ కదల్లేదు. అయితే ఆ ఇళ్ళన్నిటి దగ్గరా ఎవరో ఒక ఇంజనీరు వెంటపడి "కుర్చీలు వెయ్యి, ఇంకా వెయ్యి" అని ప్రాణం తీసేవాడు. కుర్చీలంటే కోయగా మిగిలిన తుంపు చువ్వలు వంచి చేసే బుల్లి పీటలు. పై వరస చువ్వలు కిందికి దిగిపోకుండా వాటి మీద కూర్చుంటాయి. సొంత ఇంటికి ఇంజనీరు గీసిచ్చిన కాగితం ఉంది గానీ, నెత్తిన నిలబడి అరిచే ఇంజనీరు లేడు. కుర్చీ దొరికితే లేవని మనుషులున్న లోకంలో, తన చువ్వలకి మాత్రం కుర్చీలు అక్కర్లేదనుకున్నాడు చువ్వ. అక్కడొకటి, ఇక్కడొకటి పెట్టి, జాలీ మీద నడిచి చూసి, సంతృప్తిగా చేతులు దులుపుకున్నాడు.

కింద మిక్సరు గడగడమంది. కాంక్రీటు తట్టలు పైకి రావడం మొదలైంది. గదికి అవతలి మూల నుంచి పోసుకుంటూ వస్తున్నారు.

అప్పుడు పైకొచ్చాడు బావమరిది. తాపీ మేస్త్రీ. సిమెంటు బస్తాని చంకలో పెట్టుకుని మెట్లెక్కేవాడు. ఏది బస్తా, ఏది మనిషి అని చూసేవాళ్ళు తికమకపడేవారు. అందుకని ఊరందరికీ బస్తా. ఆ బస్తా బాల్కనీ జాలీ మీద ఒక్క కాలు పెట్టాడు. రెండు కుర్చీలు పక్కకి ఒరిగాయి. పై చువ్వలు వంగి, కాంక్రీటు పోయడానికి కింద పరిచిన చెక్కని ముద్దు పెట్టుకున్నంత పని చేశాయి. కాలు తీశాక కూడా పూర్తిగా పైకి లేవలేదు.

"బావా, ఇది చూశావా?"

"చూశాను. నీ కాలు చూశాను. ఏనుగు అడుగేస్తే నేల కూడా దిగుతుంది. దిగరా కిందికి."

"నేను దిగుతాను సరే. తట్టలు మోసేవాళ్ళు గాల్లో నడుస్తారా?"

"నేను నడిచినప్పుడు కదల్లేదు!"

నిచ్చెన ఎక్కి భార్య వచ్చింది. మెడలో ఇంకా కొలత టేపు వేలాడుతోంది. "ఏంటా అరుపులు? మిక్సరు కంటే మీరే ఎక్కువ గడగడమంటున్నారు."

"ఏం లేదు. నీ తమ్ముడు బరువు చూపిస్తున్నాడు."

"అక్కా, నువ్వే చూడు," అని బస్తా మళ్ళీ కాలు పెట్టాడు. చువ్వలు మళ్ళీ దిగాయి.

"దిగితే ఏమవుతుంది?"

బస్తా ఆకాశంలోకి చూశాడు. "బావనే చెప్పనీ."

చువ్వ గొంతు సవరించుకున్నాడు. "బాల్కనీకి అటు చివర గోడ లేదు. చాచిన చెయ్యిలా ఉంటుంది. బరువు పడితే చివర కిందికి వంగుతుంది. అప్పుడు పైభాగం సాగుతుంది. సాగే చోటే కాంక్రీటు చీలుతుంది. అందుకని చువ్వ పైనే ఉండి పట్టుకోవాలి."

"కింద ఉంటే?"

"ఉన్నా... లేనట్టే."

"అంటే చంకలో పిగులుతుంటే చేతి అంచుకి కుట్టు వేసినట్టు," అంది ఆవిడ. కుట్టుపని చేసే మనిషి గుట్టు ఇట్టే పట్టేసింది. "మరి మీరు నడిచి చూశారుగా?"

"నడిచాను. కదల్లేదు."

"మీరు నడిస్తే మన పరుపు కూడా కదలదండీ!"

వైరుతో కట్టినవన్నీ ఇన్నేళ్ళూ నిలబడ్డాయి. కట్టుకున్నది మాత్రం నిలదీసింది. చువ్వ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. ఇన్ని ఇళ్ళలో చువ్వల్ని పైన నిలబెట్టింది తన నడక కాదు, ఆ ఇంజనీర్లు విసిగించి పెట్టించిన కుర్చీలు. తను నడిచినా, పిల్లి నడిచినా ఒకటే.

వెనక్కి తిరిగి చూశాడు. కాంక్రీటు గది కప్పు మీద సగం దాటింది. గది వరకూ పోసి ఆపమంటే గోడ దగ్గర అతుకు పడుతుంది. అన్నిటికంటే బలం కావలసింది అక్కడే. ఆపకపోతే ఈ కిందికి దిగిన చువ్వల మీదే పోసేస్తారు, దాని మీద మిషను పెట్టుకుని తన మనిషి కూర్చుంటుంది.

"ఒరేయ్ బస్తా," అన్నాడు. "నువ్వు చెప్పిందే రైటు. తుంపులందుకో."

బావ మీద విసరడానికి బస్తా ఏళ్ళ తరబడి దాచుకున్న మాటలన్నీ సమయానికి పనికిరాకుండా పోయాయి. తుంపులు అందించాడు. కింద, చువ్వలు వంచే బల్ల దగ్గర చువ్వ టకటకా వంచాడు. భార్య ఒక్కో కుర్చీ నిచ్చెన మీదుగా పైకి చేరవేసింది. ఒరిగినవి లేపి, కొత్తవి దగ్గర దగ్గరగా నిలబెట్టి వైరుతో బిగించాక, చువ్వ బయట పరంజా మీద బోర్లా పడుకుని, కన్ను జాలీ ఎత్తుకి ఆనించాడు.

"ఇప్పుడు నడు."

"నేనా?"

"నువ్వే. మడమ గట్టిగా ఆనించు."

"అక్కా, విన్నావా? ఇన్నాళ్ళకి నా బరువుకి పరువొచ్చింది."

"వినపడిందిలే, నడువు. వాళ్ళు వచ్చేస్తున్నారు."

బస్తా పెళ్ళికొడుకులా నడిచాడు. మధ్యలో ఒక చోట చువ్వ చిన్నగా దిగింది. "అక్కడ ఇంకోటి," అన్నాడు చువ్వ. పెట్టారు. బస్తా మళ్ళీ తొక్కాడు. ఈసారి చువ్వకీ చెక్కకీ మధ్య వెలుతురు అంతే ఉంది, కొంచెం కూడా సన్నబడలేదు.

తట్టలు మోసేవాళ్ళ ముఠా నాయకుడు గోడ దాకా వచ్చి ఆగాడు. "బాల్కనీలోకి రమ్మంటారా?" అని అలవాటు కొద్దీ చువ్వని అడిగాడు.

చువ్వ పరంజా మీంచి లేచాడు. కాలు అలవాటుగా జాలీ వైపు వెళ్ళబోయింది. దాన్ని వెనక్కి తీసుకున్నాడు.

"వాణ్ణి అడగండి," అన్నాడు.

బస్తా చివరిదాకా వెళ్ళి, అంచున రెండు కాళ్ళూ ఆనించి, ఒకసారి బరువంతా వేసి నిలబడ్డాడు. కిందికి చూశాడు. "రండి," అన్నాడు.

"చెక్కలు పరుచుకుని నడవండి. చువ్వల మీద ఎవరూ అడుగు పెట్టకండి," అని చువ్వ అరిచి, ఆ మాట ముందు తనకే వర్తిస్తుందన్నట్టు పరంజా మీంచి బయటి వైపుకే దిగిపోయాడు.